పాత ప్లేట్లు మళ్లీ పలకాలంటే

ఘంటసాల భగవద్గీత దొరకని రోజు తెలుగునాట ఇంతవరకు లేదు. 1974 ఫిబ్రవరిలో ఆయన కన్నుమూశాక హెచ్‌ఎంవీ విడుదల చేసిన ఆ గానం ఎల్పీగా వచ్చింది, క్యాసెట్టయింది, సీడీ అయింది, ఇప్పుడు ఫోన్లోకి చేరింది. ఎమ్మెస్ సుబ్బులక్ష్మి గొంతులో 1963లో రికార్డుగా వెలువడ్డ వేంకటేశ్వర సుప్రభాతమూ అంతే. ఇక ద్వారం వెంకటస్వామి నాయుడు గారి ఫిడేలు సంగతి చూడండి. విశాఖపట్నంలో పెరిగి, 1919లో విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో ఫిడేలు ఆచార్యుడిగా చేరి, 1936లో ఆ కళాశాలకే అధ్యక్షుడైన విద్వాంసుడాయన. ఆయన 78 వేగపు ప్లేట్లన్నిటినీ వరసగా, రికార్డు నంబర్లతో, పక్కవాద్యాల వివరాలతో, శుభ్రంగా ఎత్తి ఒక్కచోట చేర్చిన పెట్టె కొనుక్కుందామంటే విశాఖలోనూ దొరకదు, మద్రాసులోనూ దొరకదు.

ఆగిపోయిన రికార్డులను మళ్లీ తేవడమనే ప్రశ్న మొత్తం ఈ ఉదాహరణల నడుమ ఉంది. కంపెనీలు పదేపదే తెచ్చేది ఏనాడూ పోనిదాన్ని. పోయినదాని జోలికి వెళ్లేవాళ్లు తక్కువ. ఎందుకిలా జరిగిందో, దీన్ని ఎక్కడినుంచి సరిచేయవచ్చో తేల్చుకోవాలంటే కంపెనీల లెక్క, చట్టం, ప్లేటు శరీరధర్మం మూడూ చూడాలి.

ముందు కంపెనీలు. గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ 1902 చివర కలకత్తాలో దిగి గౌహర్ జాన్ పాట పట్టాడు. 1908లో సియాల్దాలో ప్లేట్లు అచ్చొత్తే కర్మాగారం పెట్టారు, తర్వాత అది డమ్‌డమ్‌కు మారింది. మద్రాసులో పాడిన తెలుగు పాటకు కలకత్తా దగ్గర ప్లేటు తయారయ్యేది. ఆ కంపెనీ ముద్ర హెచ్‌ఎంవీతోపాటు కొలంబియా, ఓడియన్, హచ్చిన్స్ వంటి ముద్రల మీద తెలుగు పాటలు, పద్యాలు, నాటకాల సెట్లు వచ్చాయి. సాలూరు ప్రాంతపు శివరామపురంలో పుట్టిన రాజేశ్వరరావు పసివాడుగానే హచ్చిన్స్‌కు పాడాడు. ఆ తర్వాత ఆయనా, ఆర్. బాలసరస్వతీదేవీ పాడిన లలితగీతాల ప్లేట్లు ఒక తరాన్ని ఊపేశాయి. కపిలవాయి రామనాథశాస్త్రి, స్థానం నరసింహారావు వంటి రంగస్థల దిగ్గజాల గొంతులు మనకు మిగిలాయంటే ఆ లక్క ప్లేట్ల పుణ్యమే.

1950ల చివరినుంచి మన దేశంలోనూ ఎల్పీలు అచ్చయ్యాయి. అప్పుడు మొదటి విడత పునర్విడుదల జరిగింది. 78 ప్లేట్ల మీద బాగా అమ్ముడైన సినిమా పాటలను ఏర్చి, పన్నెండేసి చొప్పున కూర్చి, గాయకుడి బొమ్మ వేసి ఎల్పీలుగా తెచ్చారు. ఆ ఏరివేతలోనే తొలి నష్టం జరిగిపోయింది. అమ్ముడైన పాట కొత్త శరీరంలోకి దూకింది, అమ్ముడుపోనిది 78 మీదే ఉండిపోయింది. ఎల్పీనుంచి క్యాసెట్టుకు, క్యాసెట్టునుంచి సీడీకి, సీడీనుంచి ఫోనుకు మారిన ప్రతిసారీ అదే జల్లెడ మళ్లీ పట్టారు. ఇవాళ్టి ఫోన్లో వినిపించే పాత తెలుగు సంగీతం నాలుగుసార్లు జల్లెడ పట్టగా మిగిలింది. అది ఆ కాలపు సంగీతానికి నమూనా అనుకుంటే పొరపాటే.

హెచ్‌ఎంవీ 2000లో సరిగమ అయింది. 2017లో అది తెచ్చిన కారవాన్ పెట్టె, దాని వెనకే వచ్చిన తెలుగు కారవాన్, పెద్దవాళ్లకు పాట తిరిగి ఇచ్చాయి. మీట నొక్కితే ఘంటసాల, ఇంకోటి నొక్కితే సుశీల. ఇంటర్నెట్‌తో కుస్తీ పట్టలేని ముసలితల్లికి అది నిజమైన మేలు, దాన్ని తక్కువ చేసి మాట్లాడలేను. అయినా అది పునర్విడుదల అనిపించుకోదు. ఏ ప్లేటునుంచి ఎత్తారు, ఎప్పుడు రికార్డు చేశారు, ఫిడేలు ఎవరు, వేణువు ఎవరు అన్నవాటికి ఆ పద్ధతిలో చోటు లేదు. పాట చేతికొస్తుంది, దాని చరిత్ర రాదు.

ఇక వినైల్. అమెరికాలో 2020లో వినైల్ రాబడి సీడీల రాబడిని మించింది, 1986 తర్వాత అదే మొదటిసారి. 2022 నాటికి సంఖ్యలోనూ దాటేసింది: నాలుగు కోట్ల పది లక్షల వినైల్ రికార్డులు, మూడు కోట్ల ముప్ఫై లక్షల సీడీలు. ఆ గాలి మనదాకా వచ్చింది. సరిగమ కొన్ని పాత హిందీ సినిమా ఆల్బమ్‌లను మళ్లీ ఎల్పీలుగా వేసింది. దశాబ్దాల విరామం తర్వాత 2024లో ముంబై ప్రాంతంలో ప్లేట్లు అచ్చొత్తే యంత్రం మళ్లీ తిరిగింది. శుభవార్తే. కానీ ఒక ఎల్పీ వేల రూపాయలు పలికే బజారులో కంపెనీ మొదట ఏది వేస్తుంది? అందరికీ తెలిసిన సినిమానే వేస్తుంది. అంటే ఇది అదే జల్లెడ అయిదోసారి.

బయటిదేశాల్లో ఈ పని పెద్ద కంపెనీలకంటే చిన్నవాళ్లు బాగా చేశారు. వియన్నాలో జానీ పార్థ్ మొదలుపెట్టిన డాక్యుమెంట్ రికార్డ్స్, రెండో ప్రపంచయుద్ధానికి ముందరి అమెరికన్ నల్లజాతి బ్లూస్ గాయకుల ప్లేట్లను మంచీచెడూ ఎంచకుండా, కాలక్రమంలో, దొరికినంతవరకు పూర్తిగా తెచ్చింది. ఏరకపోవడమే ఆ సంస్థ గొప్పతనం. జర్మనీలోని బేర్ ఫ్యామిలీ ఒక్కో గాయకుడికి లావుపాటి పుస్తకంతో సహా పెట్టెలు కట్టింది. షికాగోలో 2003లో పుట్టిన న్యూమెరో గ్రూప్, ఊళ్లలో మూతపడ్డ చిన్న కంపెనీల జాడ తీసి, కళాకారుల వారసులను వెతికి, ఒప్పందాలు రాసుకుని తెస్తోంది. బ్రిటన్‌కు చెందిన ఫైండర్స్ కీపర్స్ ఇళయరాజా తమిళ పాటలతో ఒక సంకలనం వేసింది. సంతోషమే, అయితే వాళ్ల చెవికి కొత్తగా తోచిన ఎలక్ట్రానిక్ మోతను వాళ్లు ఏరుకున్నారు. హరిశ్చంద్ర కాటిసీను పద్యంలో రాగం తీసే తీరు లండన్ నృత్యశాలకు పట్టదు, పట్టాలని అడగనూ కూడదు. ఆ పని మనదే.

మనవాళ్లలోనూ చేసినవాళ్లున్నారు. తిరుమల తిరుపతి దేవస్థానం 1979-80 ప్రాంతంలో ఎమ్మెస్ చేత శ్రీ వేంకటేశ్వర పంచరత్నమాల పాడించి అయిదు ఎల్పీలుగా తెప్పించింది. అది కొత్త రికార్డింగే అయినా, ఒక తెలుగు సంస్థ తలచుకుంటే రికార్డు కంపెనీ చేత ఏం చేయించగలదో చూపించింది. ఆకాశవాణి తన భాండాగారంనుంచి ఆకాశవాణి సంగీత్ పేరిట సీడీలు తెచ్చింది. బెంగళూరు కేంద్రంగా విక్రమ్ సంపత్ నెలకొల్పిన ఆర్కైవ్ ఆఫ్ ఇండియన్ మ్యూజిక్ పాత 78లను డిజిటల్ చేసి ఉచితంగా వినిపించింది. ముంబైలోని రికార్డు సేకర్తల సంఘం యంగ్ ఇండియా ముద్ర ప్లేట్లను బ్రిటిష్ లైబ్రరీ సాయంతో భద్రపరిచింది. మైకేల్ కినియర్ గ్రామఫోన్ కంపెనీ తొలినాళ్ల భారతీయ రికార్డుల పట్టికలను ఏళ్లతరబడి కూర్చి పుస్తకాలుగా అచ్చు వేశాడు. తెలుగుకు ప్రత్యేకంగా అలాంటి సమగ్ర పట్టిక లేదు. నా దృష్టిలో ఇదే అన్నిటికంటే పెద్ద లోటు. ఏం పోయిందో తెలియనప్పుడు ఏం వెతుకుతాం?

ఇక చట్టం. పాత రికార్డుల మాట ఎత్తగానే 'హక్కుల సమస్య' అని చేతులెత్తేయడం అలవాటైంది. ఈ సమస్య మన సాయం అక్కర్లేని చోట ఉంది, కావాల్సిన చోట అసలు లేదు.

1957 కాపీరైటు చట్టం ప్రకారం ధ్వనిముద్రణ మీద హక్కు అది వెలువడిన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్లు. 1965లో వచ్చిన ప్లేటు లెక్క 2025 డిసెంబరు 31తో సరి. అయితే ఆ ప్లేటులోని సాహిత్యానికీ, బాణీకీ వేరే లెక్క: రాసినవారు, కూర్చినవారు పోయిన తర్వాత 60 ఏళ్లు. మాయాబజార్‌ను తీసుకోండి. 1957 నాటి ప్లేటు మీది ధ్వనిహక్కు 2017తోనే తీరిపోయింది. పాటలు రాసిన పింగళి నాగేంద్రరావు 1971లో పోయారు కాబట్టి సాహిత్యం 2031దాకా హక్కుల్లోనే ఉంటుంది. ఘంటసాల సంగీతం 2034దాకా. కొన్ని బాణీలు కట్టి తప్పుకున్న సాలూరు రాజేశ్వరరావు 1999దాకా ఉన్నారు కాబట్టి ఆ వంతు 2059దాకా. ఒక్క మూడు నిమిషాల పాట మీద ఇన్ని గడువులు! సినిమా సంగీతంలో ఆ హక్కు నిర్మాతదా, కవిదా అన్న తగవు 1977లో సుప్రీంకోర్టుదాకా వెళ్లి నిర్మాతల వైపు తేలింది. 2012 సవరణ కవులకు, సంగీతకర్తలకు రాయల్టీలో వాటా ఖాయం చేసింది.

ఇప్పుడు ద్వారం వారి ఫిడేలుకు రండి. ఆయన 1964లో కన్నుమూశారు. ఆయన జీవితకాలంలో వెలువడ్డ ప్రతి ప్లేటు మీదా ధ్వనిహక్కు తీరిపోయింది. వాయించింది త్యాగరాజ కృతి అయితే దాని మీద ఎవరికీ హక్కు లేదు. అడ్డేమిటి? ఏమీ లేదు. పద్యనాటకాలు చూడండి. చింతామణి రాసిన కాళ్లకూరి నారాయణరావు 1927లో పోయారు. తిరుపతి వేంకట కవుల్లో చెళ్లపిళ్ల వారు 1950లో పోయారు, జంటకవుల పద్యాలకు గడువు ఆ తేదీనుంచే లెక్క, అంటే 2010తో ముగిసింది. హరిశ్చంద్ర రాసిన బలిజేపల్లి లక్ష్మీకాంతం 1953లో పోయారు, అది 2013తో సరి. రాసినవారు పోయి 60 ఏళ్లు దాటిన 1920లు, 30లు, 40ల నాటకాల సెట్లు నేడు జనం సొత్తు. వాటిని ఎత్తి, శుభ్రపరిచి, అచ్చు వేసి అమ్ముకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

అంటే చట్టం గోడ ఎత్తుగా ఉన్నది సినిమా పాటల దగ్గర, వాటికి మన రక్షణ అవసరమే లేదు. నిజంగా చెయ్యి అందించాల్సిన ఫిడేలు, హార్మోనియం, పద్యం దగ్గర గోడే లేదు. సాలూరు వారి లలితగీతాల వంటివి నడిమధ్య ఉన్నాయి: ధ్వనిహక్కు పోయింది, బాణీహక్కు ఉంది, వారసుల దగ్గరికి వెళ్లి అడగాలి. అడిగి, రాసుకుని, రాయల్టీ ఇవ్వడం కష్టమైన పనేం కాదు. న్యూమెరో గ్రూప్ లాంటివాళ్లు అడ్రసు కూడా తెలియని మనుషులకోసం ఊళ్లు తిరిగారు.

చట్టంలో మనవాళ్లు వాడుకోని మూడు తలుపులున్నాయి. 31వ సెక్షన్ ప్రకారం, ఒకసారి వెలువడ్డ కృతిని హక్కుదారు మళ్లీ ప్రచురించనని, ఇతరులను ప్రచురించనివ్వనని మొండికేసి జనానికి అందకుండా చేస్తే, న్యాయస్థానం ద్వారా లైసెన్సు తెచ్చుకోవచ్చు. హక్కుదారు ఎవరో, ఎక్కడున్నారో తెలియని రచనలకు 31ఎ ఉంది. వ్యాపారం చేయని ప్రజా గ్రంథాలయం తన దగ్గరున్న ప్లేటుకు భద్రతకోసం డిజిటల్ ప్రతి చేసుకోవచ్చని 52వ సెక్షన్ 2012నుంచి చెబుతోంది. అమెరికాలో ఇంటర్నెట్ ఆర్కైవ్ వేలాది 78లను ఎత్తి పెట్టినందుకు 2023లో పెద్ద కంపెనీలు దావా వేశాయి, రాజీ కుదిరేసరికి రెండేళ్లు పట్టింది. మన చట్టం ఆ విషయంలో వాళ్లకంటే ఎంతో స్పష్టంగా ఉంది.

ఇన్ని తలుపులు తెరిచి ఉన్నా ప్లేటు కావాలి కదా. మూల టేపులూ లోహపు అచ్చులూ కంపెనీల దగ్గర భద్రంగా ఉంటాయని నమ్మి కూర్చోవడం ప్రమాదం. 2008లో హాలీవుడ్‌లో యూనివర్సల్ గిడ్డంగి తగలబడి అపారమైన మాస్టర్ టేపులు బూడిదయ్యాయి, 2019లో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టేదాకా ఆ నష్టం ఎంతో లోకానికి తెలియలేదు. అంత డబ్బున్న చోటే అలా జరిగితే, టేపు ఖరీదైన రోజుల్లో పాత కార్యక్రమం చెరిపేసి కొత్తది ఎక్కించుకున్న మన స్టూడియోల సంగతి వేరే చెప్పాలా? తొలి 78ల కాలానికైతే టేపే లేదు. ఇవాళ మనకు మూలం అంటే జనం ఇళ్లలో మిగిలిన ప్లేటే.

ఉత్తరాంధ్రలో ఆ ప్లేట్లు ముఖ్యంగా మైకుసెట్ల దుకాణాల్లో, కాఫీ హోటళ్లలో, రేడియో బాగుచేసేవాళ్ల దగ్గర, జమీందారీ ఇళ్లలో ఉండేవి. పెళ్లికి, తీర్థానికి, సినిమా హాలులో ఆట మొదలయ్యే ముందు వేసే భక్తిపాటకి ఒకే ప్లేటు వందలసార్లు సూది కింద నలిగేది. జనం మెచ్చిన ప్లేటు అరిగిపోయి దొరుకుతుంది, ఎవరూ వేయని ప్లేటు కొత్తదిలా దొరుకుతుంది. సేకర్తలకు ఇది రోజూ ఎదురయ్యే విషయమే, దీని అర్థం పెద్దది: ఒక్క ప్రతితో పని కాదు. ఒకే రికార్డుకు మూడు నాలుగు ప్రతులు వేర్వేరు ఇళ్లనుంచి తెచ్చి, ఏ గాడి ఎక్కడ బాగుందో చూసి ఎత్తాలి.

విశాఖ గాలి దీనికి శత్రువు. సముద్రపు తేమకు కాగితపు కవరు మీద బూజు పుట్టి గాడిలోకి పాకుతుంది. 78ల ముడిసరుకు లక్క, దానికి తేమ పడదు, చేయి జారితే పగులుతుంది. ఇంట్లో ఉన్నవాళ్లు దయచేసి ఒక్క మాట గుర్తుపెట్టుకోవాలి: వినైల్ ఎల్పీని తుడిచే ఆల్కహాలు ద్రవం 78 మీద పోస్తే లక్క కరిగి పాట పోతుంది. ఎల్పీ సూదితో 78 వేయకూడదు కూడా. ఎల్పీ సూది మొన సుమారు 18నుంచి 25 మైక్రాన్లు, 78కి 75 దాకా కావాలి. చిన్న సూది గాడి అడుగున దొర్లి చెత్తను మాత్రమే వినిపిస్తుంది. అది విని 'పాత రికార్డులింతే, గరగర' అని తీర్మానించినవాళ్లు ఎందరో!

వేగం ఇంకో చిక్కు. 78 అని రాసి ఉన్న ప్లేట్లన్నీ కచ్చితంగా 78 మీద పట్టినవి కావు. 80 మీద పట్టినదాన్ని 78 మీద తిప్పితే శ్రుతి దాదాపు పావుస్వరం కిందికి దిగుతుంది. హాలీవుడ్ పాటకు అది చిన్న తేడా కావచ్చు, కర్ణాటక సంగీతానికి ప్రాణాంతకం. దాన్ని తేల్చాల్సింది యంత్రం కాదు, ఆ బాణీ తెలిసిన చెవి. విజయనగరం సంప్రదాయంలో ఫిడేలు నేర్చిన విద్వాంసుణ్ని పక్కన కూర్చోబెట్టుకోకుండా ద్వారం వారి ప్లేటు ఎత్తడం నేరమనే అంటాను. గరగర తీసేసే సాఫ్ట్‌వేర్ విషయంలోనూ అంతే జాగ్రత్త అవసరం. ఫిడేలు కమాను తీగె మీద రాసుకునే సన్నని శబ్దాన్ని అది దుమ్ముగా లెక్కగట్టి ఊడ్చేస్తుంది, చివరికి నునుపుగా, ఊపిరి లేకుండా మిగులుతుంది. పాత పాటకు కొత్త తాళం అంటించి అమ్మిన క్యాసెట్ల పాపం దీనికి అన్నగారు.

ఏం చేశామో చెప్పడం కూడా పనిలో భాగమే. 2022లో అమెరికాలో మొబైల్ ఫిడెలిటీ సంస్థ, పూర్తి అనలాగ్ అని జనం నమ్మి కొన్న ఎల్పీల తయారీలో డిజిటల్ మెట్టు ఉందని బయటపడి కోర్టుకెక్కాల్సి వచ్చింది. శబ్దం బాగాలేదని ఎవరూ అనలేదు, చెప్పలేదన్నదే ఫిర్యాదు. ఫలానా ప్లేటు, ఫలానా వారింటి ప్రతి, ఫలానా వేగం, ఫలానా శుద్ధి అని కవరు మీద అచ్చు వేయడానికి ఖర్చేమీ కాదు.

ఇంతకీ మళ్లీ తెచ్చేది వినైల్ మీదా, డిజిటల్‌గానా? నా అభిప్రాయం నిర్మొహమాటంగా చెబుతాను. మొదట పట్టిక, తర్వాత మంచి డిజిటల్ ప్రతి, ఆ పైన పుస్తకం, చివరికి వినైల్. ఎల్పీని ప్రేమించేవాణ్నే. పెద్ద కవరు, దాని మీది వ్యాసం, వైపు తిప్పేటప్పుడు కలిగే శ్రద్ధ ఫోనుకు లేవు. కానీ మూడు వందల ప్రతులు అచ్చు వేసి వాటిని హైదరాబాదు, బే ఏరియాల గాజు బీరువాల్లో పెట్టినంత మాత్రాన ఆ సంగీతం తెలుగువాళ్లకు తిరిగి దక్కినట్టు కాదు. డిజిటల్ ప్రతి అందరికీ తెరిచిపెట్టి, దానికి పోషణగా వినైల్‌ను అమ్మితే రెండూ నిలుస్తాయి.

ఈ పని విశాఖలో మొదలుకావడానికి ఎన్నో కారణాలున్నాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సంగీత శాఖ ఉంది, గ్రంథాలయం ఉంది. ఆకాశవాణి కేంద్రం 1963నుంచి ఇక్కడ పలుకుతోంది. గంటన్నర దూరంలో విజయనగరం కళాశాల ఉంది: ద్వారం వారు నడిపినది, సుశీల చదివినది, నేదునూరి కృష్ణమూర్తి వంటి విద్వాంసులను ఇచ్చినది. నేదునూరి వారి చివరి మజిలీ కూడా విశాఖే. పైగా ఓడరేవు, షిప్‌యార్డు, ఉక్కు కర్మాగారాల పుణ్యమా అని దేశం నలుమూలలనుంచి వచ్చిన మనుషులు ఇక్కడ కాపురాలు పెట్టారు. 1980ల్లో ఉక్కునగరంలో ఉద్యోగాలకు చేరిన తరం క్వార్టర్లు ఖాళీ చేసి వెళ్తోంది. ఆ ఇళ్లలోని టర్న్‌టేబుళ్లు, ఎల్పీలు, క్యాసెట్ల పెట్టెలు పాతసామాన్ల బండి ఎక్కుతున్నాయి. తూకానికి కొనే ఆ బండికంటే ముందు ఆ గుమ్మం తట్టే గ్రంథాలయం కావాలి.

మొదటి విడతగా మూడు పెట్టెలు చాలు. ఒకటి ద్వారం వారిది, పూర్తిగా. రెండోది పద్యనాటకాలది: ఒకే పద్యాన్ని వేర్వేరు నటులు పాడిన తీరును పక్కపక్కన పెట్టి. మూడోది సాలూరు, బాలసరస్వతీదేవి లలితగీతాలది, వారసుల అనుమతితో. బాలసరస్వతీదేవి గారు 2025లో వెళ్లిపోయారు. ఆ తరాన్ని పక్కన కూర్చోబెట్టుకుని 'ఈ పాటకు హార్మోనియం ఎవరమ్మా' అని అడిగే అవకాశం అక్కడితో దాదాపు ముగిసింది. ఎల్పీల కాలంవారు ఇంకా ఉన్నారు, వాళ్లనైనా ఇప్పుడే అడగాలి.

వినైల్ చుట్టూ ఇంత చర్చ సాగుతుండగా మెల్లగా చచ్చిపోతున్నది క్యాసెట్టు. లక్క ప్లేటు నూరేళ్లు నిలిచింది, వినైల్ నిలుస్తుంది, అయస్కాంతపు టేపు మాత్రం అంత కాలం ఆగదు. ఉత్తరాంధ్ర జానపదం, తీర్థాల పాటలు, తప్పెటగుళ్లు, ఉద్యమగీతాలు రికార్డు కంపెనీల ఎల్పీల మీదికి పెద్దగా ఎక్కలేదు, చిన్న ఊళ్ల చిన్న కంపెనీల క్యాసెట్ల మీదే బతికాయి. హిందుస్థాన్ షిప్‌యార్డులో పనిచేస్తూ పాట కట్టిన వంగపండు ప్రసాదరావు 2020లో పోయారు. అలాంటివాళ్ల గొంతులను మోసిన క్యాసెట్లకు నంబర్లు సరిగా లేవు, తేదీలు లేవు, చాలావాటిని తెచ్చిన కంపెనీలూ లేవు. హక్కుదారు కనిపించని ఇలాంటివాటికోసమే 31ఎ ఉంది. 78ల పట్టిక రాయడానికి కూర్చున్నవాళ్లు అదే బల్ల మీద, అదే నెలలో, ఈ క్యాసెట్లకూ రెండో పట్టిక తెరవాలి. వీటికి 60 ఏళ్ల గడువు తీరేదాకా ఆగితే టేపు మీద ఎత్తడానికి శబ్దం ఉండదు.